మూడో గాజుపలక

"తొయ్యకే, లాగు!" అని శేషారత్నమ్మ తలుపు అవతల నుంచి కేకేసింది.

"మీ వైపుకి తెరుచుకునే తలుపండీ అత్తయ్యగారూ. నేను తొయ్యాలి, మీరు లాగాలి" అంది సీతామహాలక్ష్మి ఇవతల నుంచి.

"లాగుతూనే ఉన్నాను. నా భుజం వస్తోంది కానీ తలుపు రావడం లేదు."

ముప్పావుగంట నుంచీ ఇదే వరస. ఎనభై నాలుగేళ్ళ మనిషి రాత్రి చలిగాలికి తలుపు దగ్గరగా వేసుకుని పడుకుంది. గడియ కూడా పెట్టుకోలేదు. తెల్లారి లేచేసరికి తలుపు బిగుసుకుపోయింది.

బాల్కనీ వైపు కిటికీకి ఇనప ఊచలున్నాయి. పెద్ద గ్లాసు వాటి మధ్య పట్టలేదు. చిన్న గ్లాసు పట్టింది. తనకి చిన్న గ్లాసులో కాఫీ ఇస్తోందని పదేళ్ళుగా కోడలి మీద నేరం మోపుతున్న ఆవిడ, ఇవాళ ఆ చిన్న గ్లాసునే ఊచల్లోంచి రెండు చేతులా అందుకుని, "ఇంకోటి పంపు" అంది.

శేషారత్నమ్మ కొడుకు చక్రపాణి స్క్రూడ్రైవరు పట్టుకుని ద్వారబంధం పై మూలను చూస్తున్నాడు. ఎడమ మూల దిగింది. అటువైపు తలుపుకీ బంధానికీ మధ్య కాగితం దూరదు. కుడివైపు వేలు దూరుతుంది.

"వానలకి చెక్క ఉబ్బింది" అన్నాడు.

"ఉబ్బితే అన్ని పక్కలా ఉబ్బాలి కదండీ. ఒక పక్క సందెలా వచ్చింది?"

"పాత టేకు. ఒక్కోచోట ఒక్కోలా ఉబ్బుతుంది."

"ఈ మాట నాకు చెప్తున్నారా, మీకు మీరు చెప్పుకుంటున్నారా?"

ఆయన స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకున్నాడు. ముప్పై రెండేళ్ళు నీటిపారుదల శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టరుగా చేసిన మనిషి. కాలవల మీద వంతెనలు ఎప్పుడు, ఎందుకు ఒరుగుతాయో కళ్ళారా చూసినవాడు. చెక్క ఉబ్బడానికీ నేల దిగడానికీ తేడా ఆయనకి ఒకరు చెప్పక్కర్లేదు.

పక్క ప్లాటులో మోటార్ల హోరు వినిపిస్తోంది. మూడంతస్తుల సెల్లారు కోసం తవ్విన గోతిలోంచి ఎండాకాలం నుంచీ రాత్రీ పగలూ నీళ్ళు తోడుతున్నారు.

"కింద బ్రహ్మాన్ని పిలుస్తాను" అంది సీతామహాలక్ష్మి.

"వద్దు."

"ఎందుకొద్దు? ఆయనకి మన మీద కోపమనా? కోపం ఉండాల్సిందే. అయినా వస్తాడు."

బ్రహ్మం వచ్చాడు. భుజం మీద గడ్డపార, చేతిలో చెక్క సుత్తి. యాభై దాటినవాడు, పోచంపల్లి దగ్గరి ఊరి నేతగాడు. పదకొండేళ్ళ కిందట కింది అంతస్తు ఫ్లాటు కొనుక్కుని ముందు గదిలో మగ్గం వేసుకున్నాడు. లోపలికి రాగానే తలుపుని చూశాడు, తర్వాత చక్రపాణిని చూశాడు.

"పెద్దమ్మా, జర ఎనుకకు జరిగి మంచం మీద కూసో. తలుపు మీద పడ్తది."

"కూర్చునే ఉన్నాను నాయనా. రెండు కాఫీలు తాగాను. నిదానంగా కానియ్."

గడ్డపార కొనను తలుపు కిందికి పోనిచ్చి, దాని కింద చిన్న రాయి పెట్టి, ఒళ్ళంతా బరువు వేసి నొక్కాడు. తలుపు కీచుమంటూ అంగుళం లేచింది. భుజంతో ఒక్క తోపు తోశాడు. గచ్చు మీద తెల్లటి గీత గీసుకుంటూ తెరుచుకుంది.

శేషారత్నమ్మ బయటికి వచ్చి, అతని తల మీద చెయ్యి పెట్టాలని చూసింది. అందలేదు. మోచేతి మీద తట్టింది.

బ్రహ్మం తలుపుని ఊడదీసి గోడకి చేరవేశాడు. "ఇంక దీనికి తలుపు ఒద్దమ్మా. పరదా కట్టుకోరి. మల్ల మూసుకుంటే నేనుంటనో లేనో."

"అదేం మాట?" అంది సీతామహాలక్ష్మి. "కాఫీ తాగి వెళ్ళు బ్రహ్మం."

"ఒద్దమ్మా. కడుపుల మంచిగ లేదు."

అతని గదిలో మగ్గం గుంటని సిమెంటు పోసి పూడ్చిన రోజు నుంచీ వీళ్ళ ఇంట్లో అతను మంచినీళ్ళయినా ముట్టలేదు. అది ఆవిడకి తెలుసు. రెండోసారి అడగలేదు.

గుమ్మం దాటుతూ బ్రహ్మం ఆగాడు. "సార్, పొద్దుగాల పలకలు చూసిన్రా?"

"చూశాను."

"ఎట్లున్నయ్?"

"బానే ఉన్నాయి. అయిదూ."

బ్రహ్మం ఆయన ముఖంలోకి కాసేపు చూశాడు. "మంచిగ" అని మెట్లు దిగిపోయాడు.

ఆ పలకలు అతికించి నేటికి ఇరవై రోజులు. గోడలు నెర్రెలిచ్చాయని అందరూ కలిసి పిలిపించుకుంటే తన్మయి అనే ఇంజనీరు వచ్చింది. వయసు చిన్న, మాట కరుకు. కింది వరండాలో పెద్ద నెర్రెల మీద అడ్డంగా అయిదు సన్నటి గాజుపలకలు పెట్టి, రెండు కొసలూ ప్లాస్టర్‌తో గోడకి అతికించింది. గాజు సాగదు, వంగదు. నెర్రె వెంట్రుకవాసి కదిలినా పగులుతుంది. మూడు వారాలు ఒక్కటీ పగలకపోతే నేల కుదురుకున్నట్టే, స్తంభాలు బలపరుచుకుని ఉండొచ్చు, కాగితం రాసిస్తాను అంది. ఒక్కటి పగిలినా చర్చలు పెట్టుకోకుండా బట్టలు సర్దుకోండి అంది. రోజూ చూసి బోర్డు మీద రాసే పని చక్రపాణికి అప్పజెప్పారు. ఉద్యోగంలో ఉండగా ఇలాంటి పలకలు చాలా అతికించినవాడు. అపార్ట్‌మెంటు సంఘానికి సెక్రటరీ కూడాను.

ఇరవై రోజులూ బోర్డు మీద ఒకటే వాక్యం. 'అయిదు పలకలూ క్షేమం.'

రేపు ఆ అమ్మాయి వస్తుంది.

* * *

పరదా కట్టడానికి సీతామహాలక్ష్మి మేకు వెతుకుతోంది.

"ఆ ఫోటో మేకు తీసుకోకు" అంది శేషారత్నమ్మ. "మీ మామగారిని కదపకు. ఈమధ్యే ముఖం బాగా కనిపిస్తోంది."

"ఈమధ్య కనిపించడమేమిటండీ?"

"నువ్వే కదా తుడిచావు? ఇదివరకు కిటికీ వెలుగు పడి మెరుపు తప్ప ఏమీ కనిపించేది కాదు. ఇప్పుడు మంచం మీంచి మీసం కూడా తెలుస్తోంది."

సీతామహాలక్ష్మి ఫోటో దగ్గరికి వెళ్ళింది. వేలు పెట్టి చూసింది. గాజు తగల్లేదు. కాగితం తగిలింది.

ఆవిడ ఆ గదిలోంచి హాల్లోకి వచ్చింది. బీరువా మీద పడుకోబెట్టి ఉన్న పెళ్ళి ఫోటో తీసింది. చట్రం ఉంది, ఫోటో ఉంది, గాజు లేదు. వంటగదిలో అన్నపూర్ణ పటం చూసింది. దానికీ లేదు. పనిముట్ల పెట్టె తెరిస్తే, చక్రపాణి ఉద్యోగం నాటి గాజు కోసే వజ్రపు కలం పైనే ఉంది. పక్కనే ప్లాస్టరు పొట్లం, మూతి మడిచి, రబ్బరుబ్యాండు వేసి.

ఆయన ప్రతి పనినీ అంత శుభ్రంగానే చేస్తాడు.

"ఎన్నిసార్లు?" అని అడిగింది.

చక్రపాణి పేపరు చదువుతున్నట్టు కూర్చుని ఉన్నాడు. దాన్ని మడిచి పక్కన పెట్టాడు. ఏమిటని అడగలేదు.

"మూడోది. మూడుసార్లు."

"మిగతావి?"

"మిగతావి నిజంగానే బావున్నాయి సీతా. ఒట్టు."

"మొదటిసారి ఎప్పుడు?"

"ఆరో రోజు. పిల్లల బంతి తగిలిందనుకున్నాను."

"రెండోసారి?"

"బంతే అని నాకు నేను చెప్పుకున్నాను."

"మూడోసారి?"

ఆయన కిటికీలోంచి పక్క ప్లాటు వైపు చూశాడు. అక్కడ పసుపురంగు జేసీబీ వానలో తడుస్తూ నిలబడి ఉంది.

"ఇది కుంట, సీతా. మనం కొన్నప్పుడు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. మట్టి పోసి పూడ్చి కట్టారు. పైన పదడుగులు పోసిన మట్టి, కింద కుంట నాటి బంక నేల. లోపలున్న నీళ్ళ మీదే ఆ మట్టి ఇన్నాళ్ళూ నిలబడింది. ఇప్పుడు పక్కన గొయ్యి తీసి నీళ్ళు తోడేస్తున్నారు. తోడినకొద్దీ మట్టి కుంగుతుంది. ఆ గోతి వైపు జరుగుతుంది."

"ఇదంతా మీకు ముందే తెలుసన్నమాట."

"తెలుసు."

"తెలిసే రోజూ కిందకెళ్ళి క్షేమం అని రాస్తున్నారు. ఆ బోర్డు చూసి నేను పైకొచ్చి మర్నాటికి పప్పు నానబోసుకుంటున్నాను. ఆ రెండో అంతస్తు ప్రసన్నలక్ష్మి బోర్డు చూసి పిల్లని జోకొట్టి పడుకోబెడుతోంది."

"ఖాళీ చేస్తే సీలు వేస్తారు. సీలు పడ్డాక కూలుస్తారు. కూల్చాక మళ్ళీ కట్టుకుందామంటే పర్మిషన్ ఇవ్వరు. కాగితాల్లో ఇది ఇంకా కుంటే. కుంటలో ఇల్లేమిటంటారు. ఎనిమిది కుటుంబాలు రోడ్డు మీద..."

"రోడ్డు మీద బతికుంటారు కదండీ!"

ఆవిడ గొంతు లేచింది. లోపలి గదిలో శేషారత్నమ్మ దగ్గు ఆగిపోయింది. తలుపు లేని గది. అన్నీ వినిపిస్తాయి.

పక్క ప్లాటులో మోటార్లు ఆగకుండా హోరెత్తుతున్నాయి.

"సాయంత్రం అయిదింటికి మీటింగు ఉంది" అంది ఆవిడ చివరికి. "మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?"

"నేనే చెప్తాను."

మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆవిడ కంచాన్ని ఠపీమని పెట్టింది. కంచం పక్కన మంచినీళ్ళు పెట్టింది. నీళ్ళ పక్కన రోజూలాగే బీపీ మాత్ర పెట్టింది. చక్రపాణి ఆ మాత్ర వంక చూస్తూ ఉండిపోయాడు. ఇంత కోపంలోనూ అది మరిచిపోలేదు. అన్నం కలుపుకోవడానికి ఆయనకి కొంత సమయం పట్టింది.

* * *

మూడింటికి ఆయన కిందికి దిగాడు. బ్రహ్మం తలుపు బార్లా తెరిచి ఉంది.

గుంట పూడ్చాక కాళ్ళ మీద ఎత్తి నిలబెట్టుకున్న మగ్గాన్ని విప్పుతున్నాడు. చెక్కలు ఒకవైపు, తాళ్ళు ఒకవైపు. అతని భార్య భూలక్ష్మి పాత చీరల్లో నూలు ఉండలు మూటలు కడుతోంది. చక్రపాణిని చూసి కొంగు సర్దుకుంది కానీ కూర్చోమనలేదు.

"ఎక్కడికి బ్రహ్మం?"

"అల్మాస్‌గూడ సార్. మా బామ్మర్ది ఇంట్ల కిందొక రూము ఖాళీగున్నది. ట్రాలీ ఆటో నాలుగింటికొస్తది."

"అక్కడ నేల గట్టిదేనా?"

"ఎవలకెరుక సార్? గాడ గూడ అడుగలే, ఈడ గూడ అడుగలే."

మగ్గం మీద సగం నేసిన చీర ఇంకా ఉంది. బ్రహ్మం దాన్ని కొద్దిగా లాగి చూపించాడు.

"చూడున్రి. మా పనిల బొమ్మ నేసేటప్పుడు రాదు. పోగులకు ముందుగాలనే ముడులు గట్టి, రంగులు అద్దుతం. బొమ్మ నూలులనే ఉంటది. మగ్గం సాపుగ ఉంటే పోగుకు పోగు కల్సి బొమ్మ నిలవడ్తది. మగ్గం ఒరిగిందనుకో, బొమ్మ ఒరుగుతది."

చీర మొదట్లో ఏనుగులు వరసగా నడుస్తున్నాయి. పోను పోను వాటి కాళ్ళు వెనకపడ్డాయి. చివరి వరసలో ఏనుగులన్నీ గోడవైపు, ఆ గోతివైపు జారిపోతున్నట్టున్నాయి.

బ్రహ్మం వంగి, మగ్గం ఎడమ కాలి కింద నుంచి ముక్కలు ఒక్కొక్కటే తీసి గచ్చు మీద పెట్టాడు. అగ్గిపెట్టె అట్ట. నాలుగు మడతల పెళ్ళిపత్రిక. చెక్క పేడు. దాని మీద ఒక టైలు ముక్క. దాని మీద ఇంకో టైలు ముక్క.

"ఎండకాలంల అగ్గిపెట్టె. మొన్న సోమారం రెండో టైలు" అన్నాడు. "మీరు గాజు మార్చుకుంట వచ్చిన్రు. నేను గీ ముక్కలు మార్చుకుంట వచ్చిన."

చక్రపాణి గోడకి ఆనుకున్నాడు.

"నీకు తెలుసా?"

"మూడో పలక మా గుమ్మం ఎదురుంగనే ఉన్నది కద సార్. కొత్త గాజు తెల్లగుంటది. పాత ఫోటోల గాజు జర పచ్చగ కొడ్తది. గా మాత్రం రంగు తెల్వకపోతే నేను నేతపనెట్ల చేస్త?"

"మరి అందరికీ ఎందుకు చెప్పలేదు?"

భూలక్ష్మి మూట ముడి బిగించి లేచింది. "చెప్పలేదా? ఎండకాలంల చెప్పలేదా సార్? మగ్గం కదులుతున్నది, నేల కిందికి పోతున్నదని మీ ఇంటికొచ్చి చెప్పలేదా? అప్పుడు మీరందరు ఏమన్నరు? మీ గుంటతోనే బిల్డింగు కదులుతున్నదన్నరు. కాళ్ళు పెట్టుకునే గుంట, మోకాళ్ళ లోతు లేదు. అవుతల మూడంతస్తుల గొయ్యి కనవడలే మీకు. మా కాళ్ళ గుంట కనవడ్డది. సిమెంటు తెచ్చి పోసిన్రు. మూడో ఫ్లోరు ఉపేంద్ర సారు సెల్‌ఫోన్ల ఫోటోలు గూడ తీసిండు."

"ఊకో లచ్చిమి" అన్నాడు బ్రహ్మం.

"ఎందుకూకోవాలె? పోతున్నం కద, గిప్పుడన్న అననీ."

"ఆమెని అననీ బ్రహ్మం" అన్నాడు చక్రపాణి. "ఆ సిమెంటు బస్తా నేనే మోయించాను."

భూలక్ష్మి ఇంకో మూట ముందు కూర్చుంది. ఈసారి నెమ్మదిగా కట్టింది.

"నేను పలక అతికిస్తుంటే చూశావా?" అని అడిగాడు చక్రపాణి.

"మొన్నటిది చూసిన. అయిదు గాలే ఇంక. నీళ్ళు పట్టుకోనీకి లేచిన."

"అప్పుడయినా నన్ను పట్టుకోవలసింది. నలుగురినీ లేపవలసింది."

బ్రహ్మం తాడుని మోచేతికి చుట్టుకుంటూ, తల ఎత్తకుండా అన్నాడు. "మీరు ఏడ్సుకుంట అతికిస్తున్రు సార్. ఎట్ల లేపాలె?"

* * *

నాలుగున్నరకి ట్రాలీ ఆటో వెళ్ళిపోయింది. మగ్గం దూలాలు వెనక పొడుగ్గా బయటికి వచ్చి, వాటి కొసకి ఎర్రగుడ్డ కట్టి ఉంది. సందు మలుపు తిరిగేదాకా ఆ ఎర్రగుడ్డ వానలో కనిపించింది.

అయిదింటికి ఏడు ఫ్లాట్లవాళ్ళు వరండాలో చేరారు. ఆ వరండాకి వీధివైపు ఒక్కటే దారి. కుక్కలు రాకుండా బిగించిన మడతల గ్రిల్ గేటు. మూడో అంతస్తు ఉపేంద్ర, దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటరు నడిపే మనిషి, ఆ గేటుని చివరిదాకా లాగి మూసేశాడు.

"వీధిలో వాళ్ళకి మన గొడవెందుకండీ? ఒకడు వీడియో తీశాడంటే చాలు."

చక్రపాణి బోర్డు ముందు నిలబడ్డాడు. రాసుకొచ్చిన కాగితం జేబులోనే ఉండిపోయింది. చేత్తో బోర్డు మీది వాక్యం తుడిచేశాడు. సుద్ద అరచేతికి అంటుకుంది.

"మూడో పలక మూడుసార్లు పగిలింది" అన్నాడు. "నేనే మార్చాను. మీ అందరికీ అబద్ధం రాశాను. రేపటిదాకా ఆగొద్దు. ఇవాళే ఖాళీ చేద్దాం."

వాన చప్పుడు పెద్దగా వినిపించింది.

ముందు తేరుకున్నది రెండో అంతస్తు ప్రసన్నలక్ష్మి. ఆబిడ్స్‌లో బట్టల షాపులో లెక్కలు చూస్తుంది. చంకలో మూడేళ్ళ కూతురు. "ఏమంటున్రు అంకుల్? మీరేనా? ఈ పిల్లని పండబెట్టుకుని నేను ఎట్ల నిద్రపోతున్న అనుకుంటున్రు? మీ బోర్డు చూసి! వేరేటోళ్ళు రాస్తే నమ్మకపోదును."

"నీ ఇష్టం వచ్చినట్టు తిట్టమ్మా."

"తిడితే ఏమొస్తది!" అంది ఆమె. పాపని ఇంకో చంకలోకి మార్చుకుంది.

ఉపేంద్ర గొంతు సవరించుకున్నాడు. "ఒక్క నిమిషం. ఆవేశాలొద్దు. మాస్టారూ, ఇప్పుడు గోడ మీద ఉన్న మూడో పలక ఎలా ఉంది?"

"బావుంది. మొన్న పెట్టిందే."

"రేపు ఆ ఇంజనీరు పొద్దున పదింటికి వస్తుంది. పదింటికి అది బావుంటే కాగితం రాసిస్తుంది. అంతేగా?"

చక్రపాణికి వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక ఆయన ముఖం పాలిపోయింది.

"ఉపేంద్రా, నేను చెప్పింది విన్నావా?"

"విన్నానండీ. మీరు చెప్పింది మాకు చెప్పారు. ఆవిడకి చెప్పలేదు కదా? కాగితం చేతికి రానివ్వండి. స్తంభాల చుట్టూ కాంక్రీటు జాకెట్లు వేయిద్దాం. పక్కవాళ్ళ మీద కేసు వేద్దాం. ఇల్లు ఖాళీ చేసి కేసు వేస్తే ఎవడు పట్టించుకుంటాడు? మూడుసార్లు మార్చినవాళ్ళు నాలుగోసారి..."

"గట్ల మాట్లాడుతరేంది ఉపేంద్రగారూ!" అంది ప్రసన్నలక్ష్మి.

"మీరు ఖాళీ చేస్తారా అయితే? ఎక్కడికెళ్తారు? చెప్పండి."

అందరూ ఆమె వైపే చూస్తున్నారు. పాప ఆమె గొలుసు నోట్లో పెట్టుకుని చప్పరిస్తోంది. ఆమె దాన్ని మెల్లగా లాగి, తుడిచి, లోపలికి వేసుకుంది.

"రేపు ఒక్కదినమే కద అంకుల్" అంది నేల చూపులు చూస్తూ. "ఒక్క రాత్రి ఏమైతది?"

ఒకరిద్దరు తలలూపారు. ఒకాయన ఫోను చూసుకుంటున్నాడు. ఎవరూ అరవలేదు, ఎవరూ చొక్కా పట్టుకోలేదు. చక్రపాణి మధ్యాహ్నం నుంచీ తిట్లకి సిద్ధపడి ఉన్నాడు. దీనికి సిద్ధపడలేదు.

"కొంచెం గాజు ఇంట్లో పెట్టుకోండి మాస్టారూ" అన్నాడు ఉపేంద్ర మృదువుగా, ఆయన భుజం మీద చెయ్యి వేసి. "అవసరం పడితే..."

టిక్కుమంది.

చిన్న శబ్దం. చలికాలంలో వేడి టీ పోస్తే గ్లాసు చిట్లే శబ్దం లాంటిది. అది మూడో పలక కాదు. మెట్ల పక్కన, ఇన్నాళ్ళూ చెక్కుచెదరని అయిదోది. గాజుకి అడ్డంగా ఒక గీత పడింది. చూస్తుండగానే కింది సగం ఊడి గచ్చు మీద రాలింది.

అందరూ చూశారు. అందరూ చూశారని అందరికీ తెలుసు.

"పిల్లలెవరో..." అన్నాడు ఉపేంద్ర.

అక్కడ ఉన్న పిల్ల ఒక్కతే. తల్లి చంకలో ఉంది.

మెట్ల మీద అడుగుల చప్పుడయింది. సీతామహాలక్ష్మి అత్తగారిని ఒక్కో మెట్టే దింపుకుంటూ వస్తోంది. రెండో చేతిలో బట్టల సంచి. సంచి అంచున గాజు లేని ఫోటో ఒకటి కనిపిస్తోంది. అందులో మామగారి మీసం.

"కాస్త జరగండి" అంది.

"ఎక్కడికమ్మా?" అన్నాడు ఉపేంద్ర.

"వీధిలోకి. తర్వాతి సంగతి అక్కడ ఆలోచించుకుంటాం." ఆవిడ భర్త వైపు చూసింది. "మీ మాత్రలు సంచిలోనే ఉన్నాయి. వస్తారా, గాజు కోసుకుంటూ ఉంటారా?"

చక్రపాణి బోర్డు ముందు నుంచి కదిలాడు. ఒక్క అడుగులో ఆవిడ పక్కకి వచ్చి సంచి అందుకున్నాడు. ప్రసన్నలక్ష్మి కూడా పాపని గట్టిగా హత్తుకుని వాళ్ళ వెనక నిలబడింది.

"మీ ఇష్టం" అని ఉపేంద్ర గేటు దగ్గరికి వెళ్ళి గడియ తీసి లాగాడు.

గేటు కదల్లేదు.

మళ్ళీ లాగాడు. పైన గేటు జారే ఇనప పట్టీ మధ్యలో కిందికి వంగి, గేటుని పళ్ళ మధ్య పట్టుకున్నట్టు పట్టుకుని ఉంది.

"తుప్పు" అన్నాడు ఉపేంద్ర. నుదుట చెమట పట్టింది.

"అరగంట కిందట మీరే వేయడం పైనుంచి చూశాను" అంది సీతామహాలక్ష్మి. "అరగంటలో తుప్పు పట్టిందా?"

నలుగురు మగాళ్ళు ఊచలు పట్టుకున్నారు. ఒకరు అటు, ఒకరు ఇటు. పై నుంచి సున్నం పొడి వాళ్ళ జుట్టు మీద రాలింది. పక్క ప్లాటులో మోటార్ల హోరు ఎప్పుడాగిపోయిందో ఎవరూ గమనించలేదు. ఇప్పుడు అటు నుంచి వాన చప్పుడు, మట్టి పెళ్ళలు నీళ్ళలో పడుతున్న చప్పుడు మాత్రమే వస్తున్నాయి.

"తొయ్యకండిరా, లాగండి" అంది శేషారత్నమ్మ.

ఎవరూ నవ్వలేదు.

చక్రపాణి జేబులోంచి ఫోను తీశాడు. వేళ్ళకి సుద్ద. రెండుసార్లు తప్పు పేరు మీద పడ్డాయి. మూడోసారి మోగింది. చాలాసేపు మోగింది. ఎత్తడేమో అనుకున్నాడు. ఎత్తకపోతే తప్పు పట్టడానికి తనకి నోరు లేదనీ అనుకున్నాడు.

అవతల ట్రాలీ ఆటో చప్పుడు, వాన, హారన్లు. వాటి మధ్య ఆ గొంతు వినిపించింది.

"ఏంది సార్? మల్ల తలుపేనా?"

చక్రపాణి జవాబు చెప్పబోయాడు. ఆయన వెనక, మూడో పలక టిక్కుమంది.